పైకప్పు దీపాలు (పారిశ్రామిక భవనాలు)

పైకప్పు దీపాలు అనగా కర్మాగారాలు, గిడ్డంగులు, మార్కెట్ షెడ్లు, పెద్ద దుకాణాలు మొదలగు విశాలమైన భవనాలలో కప్పుకు గాని, కప్పును మోసే దూలాలకు గాని బిగించి, ఆవరణ మొత్తానికి ఒకే రీతిగా వెలుతురునిచ్చే దీపాలు. ట్యూబులైట్లు, పాదరస ఆవిరి దీపాలు, సోడియం ఆవిరి దీపాలు, మెటల్ హాలైడ్ దీపాలు ఈ కోవకు చెందినవి. 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఇవి ప్రపంచమంతటా విస్తృతంగా వాడుకలోకి వచ్చినవి. కొద్ది దీపాలతో ఎక్కువ స్థలాన్ని వెలిగించగలగడం వీటి సుగుణం. అయితే ఈ ఏర్పాటు ప్రధానంగా నేలను వెలిగించడానికి ఉద్దేశించినది. పనివారి చేతిలోని వస్తువును వెలిగించడానికి కాదు. రంగును, మచ్చను కంటితో చూచి నిర్ణయం తీసుకోవలసిన పనులలో ఈ లోపం స్పష్టంగా బయటపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని నూజివీడు ప్రాంతంలో సాగే మామిడికాయల గ్రేడింగు ఇటువంటి పనికి చక్కని ఉదాహరణ.

నేపథ్యం

నూజివీడు మామిడి తోటలకు ప్రసిద్ధి చెందిన పట్టణం. ఇది పూర్వం కృష్ణా జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఏలూరు జిల్లాలో చేరినది. నూజివీడుతో పాటు ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం, మైలవరం మండలాలలో మామిడి తోటలు విస్తారంగా ఉన్నవి. బంగినపల్లి, చిన్న రసాలు, పెద్ద రసాలు, స్థానికంగా కలెక్టరు అని పిలిచే తోతాపురి ఇక్కడి ముఖ్యమైన రకాలు. ఈ ప్రాంతపు పంటలో కొంత భాగం విజయవాడ సమీపంలోని నున్న మామిడి మార్కెట్టుకు చేరుతుంది.

మామిడి కోత వేసవిలో జరుగుతుంది. ఎండ ముదరకముందే, అనగా ఉదయం పూట, కాయలు కోయడం మంచిది. కోసిన కాయలకు సొన కార్పించి, కడిగి, ఏరి, పరిమాణాన్ని బట్టి వేరు చేసి, పెట్టెలలో సర్దేసరికి పొద్దు గుంకుతుంది. కాయలు ముమ్మరంగా వచ్చే రోజులలో పని రాత్రి వరకు సాగుతుంది. కాబట్టి కాయ నాణ్యతను నిర్ణయించే ఘట్టం చాలాసార్లు దీపాల వెలుతురులోనే జరుగుతుంది.

ఈ పనిలో పరిశీలించవలసినవి చిన్న చిన్న గుర్తులు. సొన పడి కాలిన మరక, పక్షికన్ను తెగులు మచ్చ, తేనెమంచు పురుగు వలన వచ్చే మసి, తొడిమ వద్ద మొదలయ్యే కుళ్ళు, పండుఈగ పొడిచిన సన్నని రంధ్రం, తొక్క ముదురాకుపచ్చ నుండి లేతాకుపచ్చకు మారుతున్న తీరు మొదలైనవి అందులో ముఖ్యమైనవి. మంచి కాయ రెండవ రకంలో పడితే రైతు ధర కోల్పోతాడు. పాడైన కాయ మొదటి రకంలో పడితే అది పెట్టెలోని ఇతర కాయలను కూడా చెడగొట్టవచ్చు.

ఎగుమతుల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. జపాను దేశం 2006లో భారతీయ మామిడిపై నిషేధాన్ని తొలగించినది. అనుమతి పొందిన రకాలలో బంగినపల్లి ఒకటి. పండుఈగ నివారణకై కాయ లోపలి కండ 47.5 డిగ్రీల సెల్సియస్ వద్ద 20 నిమిషాల పాటు ఉండేలా ఆవిరితో శుద్ధి చేయాలన్నది అప్పటి షరతు. ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి శుద్ధి సదుపాయాలు నూజివీడులోను, తిరుపతిలోను ఏర్పడినవి. పండుఈగ వంటి పురుగులు కనబడిన కారణంగా ఐరోపా సమాఖ్య 2014 మే నెలలో భారతీయ మామిడి దిగుమతిని నిలిపివేసి, 2015లో తిరిగి అనుమతించినది. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2021లో కృష్ణా, చిత్తూరు జిల్లాల బంగినపల్లి, సువర్ణరేఖ కాయలు దక్షిణ కొరియాకు ఎగుమతి అయినవి.

దీపాల రకాలు

పెద్ద భవనాలలో వాడుతూ వచ్చిన దీపాలను రెండు లక్షణాలతో పోల్చవచ్చు. మొదటిది ఒక వాట్ విద్యుత్తుకు లభించే వెలుతురు. దీనిని ల్యూమెన్లలో చెబుతారు. రెండవది వస్తువుల రంగులను యథాతథంగా చూపే శక్తి, దీనిని సి.ఆర్.ఐ. అనే సూచికతో కొలుస్తారు. ఈ సూచికకు గరిష్ఠ విలువ 100. కింది విలువలు సుమారైనవి.

* సాధారణ బల్బు: వాట్‌కు 10 నుండి 15 ల్యూమెన్లు, సూచిక దాదాపు 100.
* ట్యూబులైటు: వాట్‌కు 60 నుండి 90 ల్యూమెన్లు, సూచిక 60 నుండి 85.
* పాదరస ఆవిరి దీపం: వాట్‌కు 40 నుండి 60 ల్యూమెన్లు; సూచిక 40 నుండి 50.
* అధిక పీడన సోడియం దీపం: వాట్‌కు 80 నుండి 130 ల్యూమెన్లు, సూచిక 20 నుండి 25.
* మెటల్ హాలైడ్ దీపం: వాట్‌కు 70 నుండి 100 ల్యూమెన్లు, సూచిక 65 నుండి 90.
* ఎల్.ఇ.డి. దీపం: వాట్‌కు 100 నుండి 170 ల్యూమెన్లు, సూచిక 70 నుండి 95.

ఈ జాబితాను బట్టి, పాత దీపాలలో ఎక్కువ వెలుతురునిచ్చే సోడియం దీపమే రంగులను అన్నిటికంటే తక్కువగా చూపుతుందని తెలుస్తుంది.

లోపాలు

ఎత్తు వలన కలిగే నష్టం

ఒక దీపం నుండి దూరం పెరిగేకొద్దీ వెలుతురు ఆ దూరపు వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. ఉదాహరణకు క్రిందివైపు 1,000 కాండెలాల తీవ్రత గల చిన్న దీపం 3 మీటర్ల దూరంలో 111 లక్సుల వెలుతురునిస్తుంది. 6 మీటర్ల వద్ద అది 28 లక్సులకు, 9 మీటర్ల వద్ద 12 లక్సులకు పడిపోతుంది. అనేక దీపాలు ఉన్న హాలులో ఒకదాని వెలుతురు మరొకదానితో కలుస్తుంది, గోడలు కూడా కొంత వెలుతురును తిరిగి పంపుతాయి. కాబట్టి మొత్తం తగ్గుదల ఇంత తీవ్రంగా ఉండదు. అయినప్పటికీ బల్ల మీద 500 లక్సులు కావలసిన చోట, ఆ వెలుతురును కప్పు నుండే రప్పించాలంటే నడవలను, ఖాళీ స్థలాలను కూడా అదే స్థాయిలో వెలిగించవలసి వస్తుంది. అవసరమైన చోట చాలక, అవసరం లేని చోట ఎక్కువ కావడం ఈ పద్ధతిలోని మౌలికమైన లోపం.

నీడలు

గ్రేడింగు చేసేవారు బల్ల మీదికి వంగి పనిచేస్తారు. దీపాలు తల మీద గాని, వీపు వెనుక గాని ఉంటే వారి తల, భుజాల నీడ సరిగ్గా కాయ మీదనే పడుతుంది. వరుసగా నిలబడి పనిచేసేటప్పుడు పక్కవారి నీడ కూడా తోడవుతుంది. పై నుండి వచ్చే వెలుతురు కాయ పైభాగాన్ని వెలిగిస్తుంది గాని, పక్కలను, అడుగుభాగాన్ని చాలినంతగా వెలిగించదు. తొడిమ చుట్టూ ఉండే గుంటలో నీడ నిలిచి, అక్కడ మొదలైన కుళ్ళు కనబడకుండా పోతుంది.

దీపాలను సాధారణంగా ఖాళీ హాలు కొలతలను బట్టి అమరుస్తారు. సీజనులో అదే హాలులో క్రేట్లను మనిషి ఎత్తుకు మించి పేర్చినప్పుడు, వాటి మధ్య నడవలు చీకటి సందులవుతాయి. బరువు మోసేవారు జారిపడడానికి, తట్టుకొని పడడానికి ఇది ఒక కారణం.

రంగులు మారి కనిపించుట

సోడియం దీపపు వెలుతురులో పసుపు, నారింజ రంగులు ఎక్కువగా ఉండి, నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగులు చాలా తక్కువగా ఉంటాయి. వస్తువు తనపై పడిన రంగులనే తిరిగి పంపగలదు. కాబట్టి ఈ దీపం క్రింద ఆకుపచ్చని కాయ మసకబారిన గోధుమ పసుపు రంగులో కనిపిస్తుంది. పచ్చికాయకు, రంగు తిరుగుతున్న కాయకు తేడా తెలియదు. తొక్క మీది గోధుమరంగు మరక తొక్కలో కలిసిపోతుంది. పాదరస దీపం క్రింద ఎరుపు ఛాయలు వెలవెలబోయి, సువర్ణరేఖ వంటి రకాల భుజం మీది ఎరుపు సరిగా తెలియదు.

ఒక వెలుతురులో ఒకే రంగుగా కనిపించే రెండు వస్తువులు మరొక వెలుతురులో వేరుగా కనిపించవచ్చు. రాత్రి ఒకే రకంగా సర్దిన పెట్టె తెల్లవారిన తరువాత రెండు మూడు రకాల మిశ్రమంగా కనబడడానికి ఇదొక కారణం. వాణిజ్య భవనాలలో కూడా ఇదే జరుగుతుంది. వస్త్ర దుకాణాలలో కొనుగోలుదారులు చీరను గుమ్మం వద్దకు తీసుకువెళ్ళి పగటి వెలుతురులో రంగు చూచుకోవడం ఈ లోపం వలన ఏర్పడిన అలవాటే.

మిరుమిట్లు

ఎత్తులో వెలిగే శక్తివంతమైన దీపం పరిసరాలకంటే ఎన్నో రెట్లు ప్రకాశవంతంగా ఉంటుంది. అది చూపు మేరలోకి వచ్చినప్పుడు కంటిపాప ముడుచుకొని, చేతిలోని వస్తువు మసకగా కనిపిస్తుంది. కడిగిన కాయల తడి తొక్క మీద, ఉక్కు బల్లల మీద పడి పరావర్తనం చెందే మెరుపు కూడా మచ్చలను కప్పివేస్తుంది. గంటల తరబడి ఇటువంటి వెలుతురులో పనిచేసేవారికి కళ్ళ అలసట, తలనొప్పి కలుగుతాయి. పై అరలలోని సరుకును చూచుటకు తల పైకెత్తవలసిన గిడ్డంగి పనివారికి ఈ ఇబ్బంది ఎక్కువ.

మినుకు

భారతదేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలతో ప్రవహిస్తుంది. సాధారణ చోకుతో పనిచేసే ట్యూబులైట్లు, ఆవిరి దీపాలు సెకనుకు 100 సార్లు ప్రకాశం పెరిగి తగ్గుతూ ఉంటాయి. ఇది కంటికి నేరుగా తెలియకపోయినా అలసటకు దారితీయవచ్చు. తిరిగే యంత్రాల వద్ద ఇది ప్రమాదకరం. నిమిషానికి 1,500 సార్లు తిరిగే నాలుగు రెక్కల చక్రం దీపపు ఒక్కొక్క మినుకుకు సరిగ్గా పావు చుట్టు తిరుగుతుంది. అందువలన అది ఆగి ఉన్నట్లు భ్రమ కలిగిస్తుంది. మామిడి గుజ్జు తీసే యంత్రాలు, పంకాలు, మోటారు పట్టీలు ఉన్న చోట ఈ భ్రమ వలన చేతులకు గాయాలు కావచ్చు. పక్కపక్క దీపాలను విద్యుత్తు యొక్క మూడు ఫేజులకు పంచి కలపడం, ఎలక్ట్రానిక్ చోకులు వాడడం ఇందుకు నివారణ మార్గాలు.

ఆలస్యంగా వెలుగుట

ఆవిరి దీపాలు వేసిన వెంటనే పూర్తిగా వెలగవు. సుమారు 5 నిమిషాలు పడుతుంది. విద్యుత్తు క్షణకాలం పోయి వచ్చినా, దీపం చల్లారితే తప్ప తిరిగి వెలగదు. సోడియం దీపానికి ఒకటి రెండు నిమిషాలు, పాదరస దీపానికి 5 నిమిషాలు, మెటల్ హాలైడ్ దీపానికి 10 నుండి 15 నిమిషాలు పట్టవచ్చు. జనరేటరు వెంటనే అందుకున్నప్పటికీ ఈ వ్యవధిలో హాలు చీకటిగా ఉంటుంది.

మామిడి సీజను, విద్యుత్తు కొరత తరచుగా కలిసి వస్తాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని విద్యుత్తు పంపిణీ సంస్థలు పరిశ్రమలకు విద్యుత్తు సెలవులు ప్రకటించినవి. వడగాడ్పులు, గాలివానల సమయంలో కూడా సరఫరాకు అంతరాయాలు కలుగుతుంటాయి.

వేడి, విద్యుత్తు ఖర్చు

మూసిన గదిలో దీపం తీసుకునే విద్యుత్తు అంతా చివరకు వేడిగా మారుతుంది. మామిడికాయలను నిల్వచేసే శీతల గదులలో ఉష్ణోగ్రత సుమారు 12, 13 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. అక్కడ వెలిగే ప్రతి దీపం విడుదల చేసే వేడిని శీతల యంత్రం మళ్ళీ బయటకు తోడవలసి ఉంటుంది. అనగా ఒకే దీపానికి రెండుసార్లు ఖర్చు పెట్టినట్లవుతుంది.

చోకుతో కలిపి ఒక్కొక్కటి 440 వాట్లు తీసుకునే 10 మెటల్ హాలైడ్ దీపాలు రోజుకు 8 గంటల చొప్పున 90 రోజుల సీజనులో 3,168 యూనిట్లు ఖర్చు చేస్తాయి. వాటి స్థానంలో 200 వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు 10 వాడితే 1,440 యూనిట్లు అవుతుంది. తేడా 1,728 యూనిట్లు. ఆవిరి దీపాలు తిరిగి వెలగడానికి ఆలస్యం కాబట్టి, మధ్యలో పని లేనప్పుడు కూడా వాటిని ఆర్పకుండా ఉంచడం ఖర్చును మరింత పెంచుతుంది.

దుమ్ము, నిర్వహణ

దీపాలు పాతబడేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. పాదరస దీపం వెలుతురు బాగా తగ్గిన తరువాత కూడా ఆరిపోకుండా వెలుగుతూనే ఉంటుంది కాబట్టి దానిని మార్చాలన్న ఆలోచన రాదు. షెడ్లలో లేచే మట్టి, మామిడికాయల ప్యాకింగుకు, మాగబెట్టడానికి వాడే వరిగడ్డి నుండి వచ్చే దుమ్ము దీపపు గాజు మీద, దాని పై రేకు మీద పేరుకుంటుంది. 8, 10 మీటర్ల ఎత్తులో ఉన్న దీపాన్ని తుడవడానికి నిచ్చెనలు గాని, పరంజా గాని కావాలి. క్రింద పని ఆపవలసి ఉంటుంది. అందువలన శుభ్రం చేయడం సీజను ముగిసే వరకు వాయిదా పడుతుంది. ఎత్తున చేసే ఈ పనిలో పడిపోయే ప్రమాదం కూడా ఉన్నది.

గాజు, పాదరసం, నిప్పు

రక్షణ తొడుగు లేని దీపం పగిలితే గాజు ముక్కలు కాయల మీద పడతాయి. ట్యూబులైట్లలో ఒక్కొక్క దానిలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. పాదరస, మెటల్ హాలైడ్ దీపాల బయటి గాజు పగిలి లోపలి గొట్టం వెలుగుతూనే ఉంటే, దాని నుండి వచ్చే అతినీలలోహిత కిరణాల వలన కళ్ళు, చర్మం దెబ్బతింటాయి. మెటల్ హాలైడ్ దీపాలు ఆయువు తీరే సమయంలో అరుదుగా పేలి, ఎర్రగా కాలిన ముక్కలు క్రింద పడవచ్చు. వరిగడ్డి, అట్టపెట్టెలు నిల్వ ఉండే షెడ్డులో ఇది అగ్నిప్రమాదానికి దారితీయగలదు.

పురుగులు

పాదరస దీపాలు, ట్యూబులైట్ల వెలుతురులోని అతినీలలోహిత, నీలి కిరణాలు పురుగులను ఆకర్షిస్తాయి. తొలకరి వానల తరువాత ఉసిళ్ళు దీపాల చుట్టూ మూగి, రెక్కలు రాలి సరుకులో పడడం తెలిసిన విషయమే. మామిడిని ఆశించే పండుఈగ పగటిపూట తిరిగే పురుగు కాబట్టి, అది దీపాలకు వచ్చేది తక్కువ. సోడియం దీపాలు పురుగులను తక్కువగా ఆకర్షిస్తాయి. కాబట్టి రంగు చూడనవసరం లేని బయటి ఆవరణలో అవి ఉపయోగకరమే.

చట్టాలు, ప్రమాణాలు

భారతదేశపు ఫ్యాక్టరీల చట్టం, 1948లోని 17వ సెక్షను కర్మాగారాలలో చాలినంత, అనువైన వెలుతురు ఉండాలని నిర్దేశించినది. కిటికీల, కప్పు అద్దాల ఇరువైపులా శుభ్రంగా ఉంచాలని, మిరుమిట్లను, కళ్ళ అలసటకు గాని ప్రమాదానికి గాని దారితీసే నీడలను వీలైనంతవరకు నివారించాలని కూడా అందులో ఉన్నది. అనగా వెలుతురు పరిమాణం ఒక్కటే కాక దాని తీరు కూడా యజమాని బాధ్యతేనని ఈ చట్టం గుర్తించినది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి, 2020 ఈ చట్టం స్థానాన్ని తీసుకున్నది.

ఆహార భద్రతా లైసెన్సు నిబంధనలు, 2011లోని 4వ షెడ్యూలు ప్రకారం ఆహారం ఉండే చోట దీపాలు పగిలినా ఆహారం కలుషితం కాకుండా తగిన రక్షణ ఉండాలి. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థయైన కోడెక్స్ పారిశుద్ధ్య నియమాల ప్రకారం వెలుతురు వస్తువు రంగును తప్పుగా చూపరాదు. ఈ నియమాల పాత కూర్పులలో తనిఖీ స్థానాలలో 540 లక్సులు, పనిగదులలో 220 లక్సులు, ఇతర చోట్ల 110 లక్సులు అని సూచించబడినది. భవనాల లోపలి వెలుతురుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3646.

పాదరసంపై మినమాటా ఒప్పందాన్ని భారతదేశం 2018లో ధ్రువీకరించినది. సాధారణ వెలుతురుకు వాడే పొడవు ట్యూబులైట్ల తయారీని, ఎగుమతి దిగుమతులను 2027 నాటికి ముగించాలని సభ్యదేశాలు 2023లో నిర్ణయించినవి.

ప్రత్యామ్నాయ పద్ధతులు

* రెండు అంచెల వెలుతురు: హాలు మొత్తానికి మితమైన వెలుతురు, గ్రేడింగు బల్లల మీద ప్రత్యేక దీపాలు. బల్లకు మీటరున్నర, రెండు మీటర్ల ఎత్తులో, ఇరుపక్కల నుండి వెలుతురు పడేలా అమర్చితే నీడ తగ్గుతుంది.
* రంగు సూచిక 90కి తగ్గని దీపాలను గ్రేడింగు స్థానంలో వాడుట. మిగిలిన చోట్ల సూచిక 70, 80 ఉన్నా చాలును.
* బల్లలకు మెరుపు లేని, లేత బూడిద వంటి తటస్థ వర్ణం. గోడలకు, కప్పుకు లేత రంగు వేయుట.
* గాజు దీపాలకు పగలని పాలికార్బొనేటు తొడుగులు వేయుట.
* విద్యుత్తు పోయినప్పుడు వెంటనే వెలిగే అత్యవసర దీపాలు అమర్చుట.
* కోత మొదలు కాకముందే దీపాలను తుడిచి, బల్ల ఎత్తులో లక్సు మీటరుతో కొలుచుట.

పగటి వెలుతురును వాడుకొనుట అన్నిటికంటే చౌకైన పద్ధతి. నూలు మిల్లులలో ఉత్తరం వైపు అద్దాలు ఉండే రంపపు పళ్ళ కప్పులు ఇందుకే ఏర్పడినవి. ఉత్తరార్ధగోళంలో సూర్యుడు సాధారణంగా దక్షిణంగా ఉంటాడు కాబట్టి ఉత్తరపు అద్దాల నుండి ఎండ కాక చల్లని వెలుతురు వస్తుందని దీని వెనుక ఉన్న సూత్రం. అయితే నూజివీడు సుమారు 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. ఇక్కడ మే నెల మొదటి వారం నుండి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. మామిడి సీజనులో చాలా భాగం ఈ కాలంలోనే వస్తుంది. కాబట్టి చల్లని దేశాల నమూనాను యథాతథంగా వాడితే కాయల మీద నేరుగా ఎండ పడుతుంది. అద్దాల పైన చూరు గాని, వెలుతురును చెదరగొట్టే రేకు గాని అవసరం.

ఎల్.ఇ.డి. దీపాల పరిమితులు

నీలి ఎల్.ఇ.డి.ని కనుగొన్నందుకు అకసాకి, అమనో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. తెల్లని ఎల్.ఇ.డి. దీపాలు దీని ఫలితమే. ఇవి వెంటనే వెలుగుతాయి, పాదరసం ఉండదు, ఖర్చు తక్కువ. అయినను దీపం మార్చినంత మాత్రాన పై లోపాలన్నీ తొలగవు. అదే ఎత్తులో, అదే వరుసలో బిగించిన ఎల్.ఇ.డి. క్రింద కూడా పనివారి నీడ కాయ మీదనే పడుతుంది. చౌకరకం దీపాలలో మినుకు, మిరుమిట్లు, తక్కువ రంగు సూచిక ఉండవచ్చు. వేసవిలో రేకుల కప్పు క్రింద పేరుకునే వేడి వలన వాటి డ్రైవరు త్వరగా చెడిపోతుంది. విద్యుత్తు హెచ్చుతగ్గులు కూడా దానిని దెబ్బతీస్తాయి. కాబట్టి దీపపు రకంతో పాటు దాని స్థానం, ఎత్తు, దిశ కూడా పనిని బట్టి నిర్ణయించవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* నూజివీడు
* బంగినపల్లి మామిడి
* ట్యూబులైటు
* సోడియం ఆవిరి దీపం
* మినమాటా ఒప్పందం